ఆగస్టులో కొరికిన మంచు

వెండెల్ ప్రిబిల్ చేతి తొడుగు తీసే ముందు ఎప్పుడూ ఒకసారి ముక్కు తుడుచుకుంటాడు. ఆ మంగళవారం కూడా అదే చేశాడు. దారుల మీద పేరుకున్న మంచుని ఎగజిమ్మే యంత్రాల తయారీకి కొత్తగా చేరిన పదకొండు మందీ షెడ్డు మధ్యలో అర్ధచంద్రాకారంగా నిలబడ్డారు. వాళ్ళ ఎదురుగా ఒక చెక్క పలక మీద వెండెల్ నిలబడి, చీపురుని తొడకి ఆనించుకుని, కుడిచేతి తొడుగు ఒక్కో వేలూ పట్టి లాగాడు. లాగడానికి ఉన్నవి మూడు వేళ్ళే. మిగిలిన రెండింటి చోట తొడుగు వేలాడకుండా పాత గుడ్డ కుక్కుకుంటాడు. ఆ గుడ్డ ఒకోసారి జారి కింద పడుతుంది. పడితే కొత్తవాళ్ళలో ఎవరో ఒకరు మొహం తిప్పుకుంటారు.

"ఈ రెండు వేళ్ళూ 1961 ఆగస్టులో పోయాయి. యంత్రం రెక్కలో రంపపు పొట్టు ఇరుక్కుంటే చెయ్యి పెట్టి తీశాను. ఇంజన్ ఆపలేదు. తప్పు నాదే. మీరెవరూ ఆ పని చెయ్యకండి," అన్నాడు వెండెల్.

ఏటా సెప్టెంబరులో హెగ్‌డాల్ కంపెనీలో చెప్పే మొదటి పాఠం ఇదే. ఇరవై రెండేళ్ళుగా మాట మారలేదు, మాటల వరసా మారలేదు. చెప్పడం అయిపోగానే తొడుగు వేసుకుని, పలక దిగి, దాని కింద చేరిన దుమ్ము ఊడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

"ఆగస్టులో మంచు కొరికిన మనిషిని చూశారుగా. ఇక పదండి, కాఫీ చల్లారిపోతుంది," అన్నాడు రంగుల సెక్షన్ నార్బర్ట్. చలికి వేళ్ళు పోతే మంచు కొరికిందంటారు ఆ ఊళ్ళో. ఆ పేరు పెట్టింది కూడా అతనే. ఏటా నవ్వుతూనే ఉంటారు.

అర్డిస్ క్లెవెన్ నవ్వలేదు. అలాగని బాధా పడలేదు. రిపేరు బల్ల దగ్గర నిలబడి, మొద్దుబారిన కుడి మణికట్టుని ఎడమచేత్తో నొక్కుకుంటోంది. నలభై మూడేళ్ళ మనిషి. ఇరవయ్యో ఏట చేరినప్పటినుంచి ఈ సిమెంటు నేల మీదే నిలబడి ఉంది. కాళ్ళు పొద్దున్నే పీకడం మొదలుపెడతాయి. వెండెల్ పాఠం ఆమెకి గోడ గడియారం టిక్కుటిక్కులా అయిపోయింది. వినపడుతూనే ఉంటుంది, వినదు.

అప్పుడే టోర్విక్ వచ్చాడు. ఫ్యాక్టరీ మేనేజరు. చేతిలో పసుపు అట్ట పుస్తకం ఉంది. మనిషి ఈమధ్య బాగా నలిగిపోయాడు, చొక్కా కాలరు మెడకి వదులైంది.

"అర్డిస్, వెనక షెడ్డులో పాత మంచు యంత్రం ఉంది, టెస్టు యార్డులో వాడేవాళ్ళమే, ఎర్రది. శుక్రవారానికి అది నడవాలి."

"పిచ్చుకలు గూళ్ళు పెట్టుకున్నదేనా?"

"అదే. యాభై ఏళ్ళ పండగ కదా. షికాగో నుంచి కంపెనీని కొనేవాళ్ళు వస్తున్నారు. వాళ్ళ ముందు తడి పొట్టు పోసి ఒక్కసారి ఎగజిమ్మించి చూపిస్తే చాలు. మన చరిత్ర అంతా దాన్లోనే ఉందన్నట్టు ఉండాలి."

"ఇంతకీ కొన్నాక మమ్మల్ని ఉంచుతారా?"

"యంత్రం నడిస్తే ఉంచుతారు," అని నవ్వబోయి మానేశాడు టోర్విక్. "నాకూ తెలీదు. పండగకని అచ్చేయించిన మన చరిత్ర ఇది, తీసుకో, చదువు."

బుధవారం పొద్దున ఇద్దరు మనుషులు ఆ యంత్రాన్ని తోసుకొచ్చి ఆమె బల్ల పక్కన పెట్టారు. ముందర పెద్ద నోరు, నోట్లో ఇనప రెక్క, పైన మంచుని పక్కకి చిమ్మే వంకర గొట్టం. వెనకాల ఇంజను. ఇప్పటి యంత్రాల్లో ఉండే పట్టీలూ కవచాలూ ఏమీ లేవు. ఆపడానికి స్విచ్చి కూడా లేదు. స్పార్క్ ప్లగ్ పక్కన వేలెడు రేకు ముక్క ఒకటి వంచి ఉంటుంది. బొటనవేలితో దాన్ని ప్లగ్ నెత్తిన నొక్కితే ఇంజను చచ్చినట్టు ఆగుతుంది. వేడెక్కి ఉంటే వేలూ కాలుతుంది. ఆ రోజుల్లో టెస్టు యార్డులో పనిచేసిన ప్రతివాడి ఎడమ బొటనవేలి మీదా ఒక మచ్చ ఉండేది.

అర్డిస్ పిచ్చుక గూడు తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. కార్బొరేటరు విప్పి కిరసనాయిల్లో నానేసింది. గొలుసు తుప్పుని తీగ బ్రష్షుతో రుద్దింది. బెల్టు గట్టిపడి పగుళ్ళు పట్టి ఉంది. అదే కొలతది కొత్తది ఎక్కించబోతే ఒక పట్టాన ఎక్కలేదు. ఈ పాత మోడల్లో బెల్టు ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది, వదులు చేసే మీట లేదు. మోకాలు ఆనించి, స్క్రూడ్రైవరు వేసి, ఇంతెత్తున లాగి ఎక్కించేసరికి మణికట్టులోంచి భుజం దాకా జివ్వుమంది. అలాగే నేల మీద కూర్చుండిపోయింది.

మధ్యాహ్నం రై రొట్టె, సాసేజి ముక్కలు తింటూ పసుపు పుస్తకం తిరగేసింది. 1934లో ఆస్కార్ హెగ్‌డాల్ పాల క్యాన్లకి అతుకులు వేసే కొట్టు పెట్టాడు. యుద్ధం అయ్యాక, బట్టలుతికే యంత్రాల కోసం చేసిన ఇంజన్లు చవగ్గా దొరికితే వాటికి కత్తులు బిగించి గడ్డి కోసే యంత్రం చేశాడు. 1958లో మంచు యంత్రం. తరవాతి పేజీలో హెగ్‌డాల్ ఫొటో ఉంది, చేతిలో జానెడు కర్ర పట్టుకుని నవ్వుతున్నాడు. కింద ఇలా రాశారు: "1963. వాడుకరుల క్షేమమే పరమావధిగా భావించిన మా సంస్థాపకులు, దేశంలోనే మొదటిసారిగా, ఇరుక్కున్న మంచును తొలగించే కర్రను ప్రతి యంత్రానికీ అమర్చే ఏర్పాటు చేశారు."

ఆ కర్రలు అర్డిస్ చేతుల మీదుగా వేల కొద్దీ వెళ్ళాయి. ఒక్కో యంత్రానికి ఒక్కో కర్ర, ఒక్కో క్లిప్పు. ఎందుకు పెట్టారన్నది ఎప్పుడూ ఆలోచించలేదు. పేజీ తిప్పింది. నాలుగు వందల మంది పేర్లు చిన్న అక్షరాల్లో ఉన్నాయి. వెండెల్ పేరు వెతికింది. "శుభ్రత విభాగం" కింద కనిపించింది.

ఆ మనిషే చీపురు తోసుకుంటూ ఆ పక్కకి వచ్చాడు. యంత్రానికి పది అడుగుల దూరంలో చీపురు ఆగిపోయింది.

"దాన్నెందుకు బయటికి తెచ్చారు?"

"పండగకి. శుక్రవారం నడిపి చూపించాలట."

"ఎవరు నడుపుతారు?"

"నేనే."

వెండెల్ కాసేపు రెక్క వంక చూశాడు. "చూసుకో పిల్లా," అన్నాడు. ఆమెని ఇప్పటికీ పిల్లా అనేది ఆయనొక్కడే. యంత్రం చుట్టూ ఊడవకుండా, దూరంగా ఒక చుట్టు తిరిగి వెళ్ళిపోయాడు. ఎక్కడా ఒక ఇనప రజను కూడా వదలని మనిషి అక్కడ మాత్రం అంత దుమ్మూ వదిలేశాడు.

అప్పుడు తెలిసిందామెకి. ఆ రోజు వెండెల్ వేళ్ళు తెగిన యంత్రం ఇదే.

అప్పటికి ఆమె ఉద్యోగంలో చేరి రెండు నెలలు. యార్డు గుమ్మంలో కూర్చుని మేకులు లెక్కపెట్టి డబ్బాల్లో పోస్తోంది. ఎండాకాలంలో మంచు ఎక్కడినుంచి వస్తుంది? అందుకని కలప మిల్లు నుంచి రంపపు పొట్టు తెప్పించి, నీళ్ళు పోసి తడిపి, కుప్పలు పోసి, యంత్రాల్ని అందులోకి తోసి పరీక్ష చేసేవాళ్ళు. వెనక రేకులు కొట్టే ప్రెస్సుల మోత. పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. వెండెల్ వంగి యంత్రం నోట్లోకి చెయ్యి పెట్టడం చూసింది. రెక్క తిరగడం చూసింది. అంతే చూసింది.

ఆ సాయంత్రం కుర్ర ఇంజనీరు ఒకడు టైపు చేసిన కాగితం తెచ్చాడు. "రెక్క తిరుగుతుండగా చెయ్యి పెట్టాడు. నువ్వు చూశావు కదా?" అన్నాడు. చూసింది కాబట్టి సంతకం పెట్టింది. ఆ కుర్ర ఇంజనీరే ఇవాళ్టి టోర్విక్.

ఇంకొకటి కూడా గుర్తుంది, అది తలుచుకుంటే ఇప్పటికీ ఏదోలా ఉంటుంది. కుడిచేతికి తువ్వాలు చుట్టి బండి ఎక్కిస్తుంటే వెండెల్ ఏడవలేదు, అరవలేదు. ఎడమ బొటనవేలు నోట్లో పెట్టుకుని చీకుతున్నాడు. ముప్పై నాలుగేళ్ళ మగవాడు. చూడలేక ఆమె తల దించుకుంది.

గురువారం మూడున్నరకి, షిఫ్టు అయిపోయి అందరూ వెళ్ళిపోతున్న వేళ, అర్డిస్ యంత్రాన్ని యార్డులోకి తోసింది. పొట్టు కుప్ప సిద్ధంగా ఉంది. నీళ్ళ గొట్టంతో తడిపింది. తాడు నాలుగుసార్లు లాగితే ఇంజను దగ్గి, నల్లగా పొగ వదిలి, అందుకుంది. కుప్పలోకి తోసింది. పొట్టు పసుపు వంపుగా ఇరవై అడుగుల దూరం ఎగిరింది. పాతికేళ్ళ నాటి ముసలిది ఇంకా ఇంత పని చేస్తుంటే ఆమెకి ఒక్క క్షణం ఒంట్లో అలసట కూడా తెలియలేదు.

మూడోసారి తోసేసరికి గొట్టం మూసుకుపోయింది. తడి ఎక్కువైంది. రెక్క ఆగి, ఇంజను మూలుగుతోంది. రేకు ముక్క నొక్కింది. "స్స్" అని వేలు లాక్కుంది. ఇంజను ఆగింది. ఇప్పటి నియమం ప్రకారం ప్లగ్ తీగ కూడా ఊడబెరికి పక్కకి వంచింది. యార్డంతా నిశ్శబ్దం. ప్రెస్సులు ఆగిపోయాయి. ఎక్కడో ఒక బాతుల గుంపు దక్షిణానికి పోతూ అరుస్తోంది.

పాత యంత్రానికి కర్ర ఎక్కడుంటుంది? చీపురు కర్ర విరిగిందొకటి తెచ్చి నోట్లో గుచ్చింది. పొట్టు రాయిలా బిగిసింది. ఇంకోసారి గుచ్చింది. మూడోసారి గడ్డ కదిలింది.

రెక్క తిరిగింది.

సగం చుట్టే. ధన్‌మని కర్రని మధ్యకి విరిచి, ఒక ముక్కని ఆమె మోకాలికేసి కొట్టి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు ఆగిపోయింది.

అర్డిస్ రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది. ఇంజను వంక చూసింది. ప్లగ్ తీగ పక్కకి వంచిపెట్టినట్టే ఉంది. తరవాత బెల్టు మీద వేలు వేసి నొక్కింది. నిన్న మోకాలు ఆనించి లాగి ఎక్కించిన బెల్టు ఇప్పుడు మెత్తగా ఉంది. రెక్క ఇరుక్కున్నాక కూడా, తను ఆపేదాకా ఇంజను దాన్ని తిప్పబోతూనే ఉంది. ఆ బిగింపంతా బెల్టులోనూ గొలుసులోనూ దాక్కుంది. అడ్డం తొలగగానే విదిలించుకుంది.

మళ్ళీ ఇంజను నడిపి, కావాలనే మూసుకుపోయేలా చేసి, ఆపి, తీగ పీకి, ఇంకో కర్రతో పొడిచింది. మళ్ళీ సగం చుట్టు. ఆ రోజు గుమ్మంలో కూర్చుని తను చూసింది ఎన్ని చుట్లు? ఇరవై మూడేళ్ళలో ఎవరూ ఆమెని అడగలేదు, ఆమె తనని తాను అడుక్కోలేదు. కళ్ళు మూసుకుని చూసింది. సగం చుట్టే. రెక్క తిరిగింది, ఆగింది, ఆ తరవాతే వెండెల్ చెయ్యి బయటికి తీశాడు.

విరిగిన కర్రలు చేత పట్టుకుని టోర్విక్ గదికి వెళ్ళింది. ఆయన కోటు వేసుకుంటున్నాడు. ఆమె చెప్పిందంతా నిలబడే విన్నాడు. ఆశ్చర్యపోలేదు. అదే ఆమెకి ముందు అర్థం కాలేదు.

"మీకు తెలుసా?"

"కర్ర ఎందుకు పెట్టామనుకున్నావు అర్డిస్?" టోర్విక్ కుర్చీలో కూలబడ్డాడు. "1962 చలికాలంలో తెలిసింది. ల్యాబులో పదిసార్లు చూశాం. మరుసటేడు కర్రలు పెట్టాం. ఈ మోడలు మానేశాం."

"మరి ఆయనకి చెప్పలేదేం?"

"అప్పటికి ఆయన ఒప్పుకున్నాడు. కాగితం మీద ఉంది. నీ సంతకమూ ఉంది." ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు, అలవాటుగా అన్నాడు. "అప్పుడు మన మంచు యంత్రం వచ్చి మూడేళ్ళు. ఇంజను ఆపినా చేతులు తెగుతాయని తెలిస్తే ఎవడు కొంటాడు? నాలుగు వందల ఇళ్ళు దాని మీద బతికాయి. నీ ఇల్లు కూడా. ఆయన్ని ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు కదా, ఉంచాం."

"ఏటేటా పలక ఎక్కించి తప్పు నాదేనని చెప్పించారు."

"దానివల్ల ఎంతమంది వేళ్ళు మిగిలాయో లెక్కుందా?" అన్నాడు. "రేపు వాళ్ళ ముందు కూడా చెబుతాడు, మాట్లాడేశాను. భద్రత మీద మనకున్న పట్టింపు చూసి వాళ్ళు మెచ్చుకుంటారు. ఇప్పుడు తవ్వకు. నేనూ అలిసిపోయానమ్మా. ఇంటికెళ్ళు."

ఆమె ఇంటికి వెళ్ళలేదు. వెండెల్ ఇల్లు రెండు వీధుల అవతలే. వెళ్ళేసరికి ఆయన ఇంటి ముందు గడ్డి కోస్తున్నాడు, 1950 నాటి హెగ్‌డాల్ యంత్రంతో. ఈ ఊళ్ళో సగం మంది దగ్గర అవే ఉన్నాయి, చావవు. వరస పూర్తయ్యేదాకా ఆమె కంచె దగ్గర ఆగింది. వెండెల్ ఆమెని చూసి, వంగి, ఎడమ బొటనవేలితో రేకు ముక్క నొక్కాడు. ఇంజను ఆగింది. వేలు నోట్లో పెట్టుకుని ఒక్కసారి చీకి, ప్యాంటుకి తుడుచుకున్నాడు.

అర్డిస్ ఆ బొటనవేలి వంకే చూస్తూ నిలబడిపోయింది.

"ఏంటి పిల్లా, అలా ఉన్నావు? యంత్రం మొరాయించిందా?"

"వెండెల్, నువ్వు ఆ రోజు ఇంజను ఆపావు."

ఆయన మొహంలో ఏమీ కదల్లేదు. "ఆపలేదు."

"ఆపావు. ఇవాళ నేను చేసి చూశాను. ఆపాక కూడా తిరుగుతుంది. ఇదిగో, రెండు కర్రలు విరిచింది."

"ఆపలేదన్నానా," అన్నాడు గట్టిగా. "నాకు తెలీదా? నా చెయ్యి. నేను మర్చిపోయాను, వెధవలా చెయ్యి పెట్టాను. ఎంతమందికి చెప్పానో తెలుసా? ఏటేటా చెప్పాను. ఇప్పుడొచ్చి నువ్వు..." ఊపిరి అందక ఆగాడు. "మొదట్లో ఆపాననే అన్నాను. ఒక ఏడాది అన్నాను. అందరూ నవ్వారు. ఆపితే ఎలా తిరుగుతుందిరా, దయ్యం పట్టిందా అన్నారు. నిజమే కదా, ఎలా తిరుగుతుంది? అప్పుడు కూర్చుని ఆలోచించుకున్నాను. ఆపలేదు. అదే అయ్యుండాలి."

తనే ఆయన్ని అలా ఆలోచించుకునేలా చేసిందని అర్డిస్‌కి తెలుసు. "ఆ కాగితం మీద సంతకం పెట్టింది నేను," అంది.

"తెలుసు. నువ్వు చూసిందే చెప్పావు."

"చూసిందే చెప్పాను. కానీ సగమే చూశాను, ప్రెస్సుల మోతలో ఇంజను ఆగిందో లేదో వినపడలేదు. బండి ఎక్కిస్తున్నప్పుడు నువ్వు ఏం చేస్తున్నావో గుర్తుందా? ఎడమ బొటనవేలు నోట్లో పెట్టుకుని ఉన్నావు. ఇందాక పెట్టుకున్నట్టే. ఇంజను ఆపకపోతే వేలెందుకు కాలింది?"

వెండెల్ తన ఎడమచేతి వంక చూశాడు. వంటింటి జాలీ తలుపు చప్పుడైంది. ఆయన భార్య ఆల్మా గుమ్మంలో నిలబడి ఉంది, చేతులకి పిండి. ఎప్పటినుంచి వింటోందో.

"కుడిచేతికి కట్టు కట్టింది డాక్టరు. ఎడమ బొటనవేలికి బొబ్బ ఉంటే పది రోజులు మందు రాసింది నేను. ఇంత బొబ్బ. నన్నెవరూ ఏమీ అడగలేదు," అంది ఆల్మా.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు వెండెల్.

"ఏం చెప్పను? మీకందరికీ వేళ్ళు రోజూ కాలేవి. అదొక సంగతని నాకేం తెలుసు?"

వెండెల్ గడ్డి యంత్రాన్ని మళ్ళీ నడపబోయాడు. తాడు పట్టుకున్నాడు గానీ లాగలేదు. సగం కోసిన గడ్డిని అలాగే వదిలేసి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. అర్డిస్ ఇంటికి పోయి డబ్బా సూపు వేడి చేసుకుంది. తాగబుద్ధి కాక సింకులో పారబోసింది.

శుక్రవారం పొద్దున ఆరుకి ఆమె యార్డుకి వెళ్ళేసరికి వెండెల్ యంత్రం పక్కన నిలబడి ఉన్నాడు. లోపల ఆమె బల్ల పక్కన మొన్న వదిలేసిన దుమ్ము కూడా ఊడ్చేసి ఉంది.

"చూపించు," అన్నాడు.

చూపించింది. కర్ర విరిగింది. ఇంకోసారి చూపించమన్నాడు. మూడోసారి తనే రేకు నొక్కాడు, తనే తీగ పీకి పిడికిట్లో పట్టుకున్నాడు, తనే కర్ర పొడిచాడు. కర్ర విరిగి చేతిలోంచి ఎగిరిపోయింది. వెండెల్ అరచెయ్యి చూసుకున్నాడు. కిందపడ్డ ముక్కల్ని ఒక్కొక్కటే ఏరి కుప్పగా పెట్టాడు. పనంతా అయ్యాక బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, ఉన్నట్టుండి ఏడ్చాడు. అర్డిస్ పక్కనే నేల మీద కూర్చుంది. కాళ్ళు పీకుతున్నాయి.

"నన్ను నేనే నమ్మలేదు పిల్లా," అన్నాడు చివరికి. "వాళ్ళు నమ్మలేదంటే సరే."

పదకొండింటికి షెడ్డులో పండగ. గోడ పొడుగునా ఫొటోలు, బల్లల మీద హ్యాం రొట్టెలు, చీజు ముక్కలు, పెద్ద కేకు. నాలుగు వందల మంది కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. షికాగో నుంచి వచ్చిన నలుగురు మంచి బూట్లతో పొట్టు తొక్కకుండా జాగ్రత్తగా నిలబడ్డారు. టోర్విక్ పసుపు పుస్తకంలోంచి రెండు పేజీలు చదివాడు. పాల క్యాన్లు, కత్తులు, మంచు, కర్ర. అందరూ చప్పట్లు కొట్టారు. అర్డిస్ ఎర్ర యంత్రాన్ని నడిపింది. పొట్టు వంపుగా ఎగిరింది. మళ్ళీ చప్పట్లు.

"ఇక మా సంస్థలో ఒక సంప్రదాయం ఉంది," అన్నాడు టోర్విక్. "వెండెల్."

వెండెల్ పలక ఎక్కాడు. చీపురు తొడకి ఆనించుకున్నాడు. ముక్కు తుడుచుకున్నాడు. నార్బర్ట్ పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వబోయారు.

వెండెల్ ఎడమచేతి తొడుగు తీశాడు.

ఇన్నేళ్ళలో ఆ పలక మీద ఆ చెయ్యి ఎవరూ చూడలేదు. చూడడానికి దాన్లో ఏమీ లేదు కూడా. అయిదు వేళ్ళూ ఉన్న మామూలు చెయ్యి. దాన్ని పైకెత్తి బొటనవేలు చూపించాడు.

"ఈ వేలితో ఇంజను ఆపాను," అన్నాడు. "ఆపాకే చెయ్యి పెట్టాను. ఆగిన యంత్రమే కొరికింది."

ఎవరూ నవ్వలేదు. షికాగో వాళ్ళలో ఒకడు టోర్విక్ చెవి దగ్గరికి వంగాడు. టోర్విక్ మొహం పాలిపోయింది. "వెండెల్, కేకు కోసే వేళయింది," అన్నాడు నెమ్మదిగా.

అర్డిస్ యంత్రాన్ని వదిలి పలక పక్కకి నడిచింది. నాలుగు వందల మంది ముందు ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఆ రోజు సాక్షి సంతకం నాది. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. ఎవరికైనా అనుమానం ఉంటే యంత్రం ఇక్కడే ఉంది. కర్రలు కూడా తెచ్చాను," అంది.

టోర్విక్ నోరు తెరిచాడు. ఆమెనీ, వెండెల్‌నీ, చేతిలోని పుస్తకాన్నీ చూశాడు. అడ్డం రాలేదు. పుస్తకం మూసి, వెనక్కి జరిగి గోడకి ఆనుకున్నాడు. ఆ గోడ మీద హెగ్‌డాల్ కర్ర పట్టుకుని నవ్వుతున్నాడు.

వెండెల్ జనం వంక చూశాడు. వరస వెంట వరస, ఒక్కో మొహాన్నీ పట్టి చూశాడు.

"నా పాఠం విన్నవాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి."

ముందు మంగళవారం చేరిన పదకొండు మందీ ఎత్తారు. తరవాత వెనక ఒకటి, పక్కన ఒకటి, బల్లల దగ్గర, రంగుల సెక్షన్‌లో. ఇంచుమించు షెడ్డంతా చేతులెత్తింది. కాఫీ గ్లాసు కింద పెట్టి, చివరగా నార్బర్ట్ కూడా ఎత్తాడు.

"అది తప్పుడు పాఠం," అన్నాడు వెండెల్. "మళ్ళీ చెబుతాను, వినండి."

ఎవరూ చెయ్యి దించలేదు. వెండెల్ ముక్కు తుడుచుకుని, 1961 ఆగస్టు దగ్గరినుంచి మొదలుపెట్టాడు.